ఓడెక్కే ముందు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు మనవాళ్ళు. ఆ సామెత పుట్టిన నాడు ఓడెక్కడమంటే అవతలి ఒడ్డు చేరడానికే. ఒడ్డు చేరాక మల్లయ్య మొహం చూసేవాడు లేడు. అలాంటిది, ఎక్కడికీ చేరే పనే లేకుండా, నాలుగు రోజులు ఓడలోనే ఉండి, వేళకు తిని, పాటలు విని, సముద్రం చూసి, మళ్ళీ ఎక్కిన రేవులోనే దిగి రావడానికి వేలకు వేలు పోసి టిక్కెట్టు కొనుక్కుంటారంటే, ఆ సామెత చెప్పిన పెద్దాయన ససేమిరా నమ్మి ఉండడు.

2022 జూన్‌లో చెన్నై నుంచి ఒక విహార నౌక విశాఖపట్నం వచ్చింది. మరుసటి ఏడు అక్కడ ఓడ ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఇహ పేరంటాల్లో ఈ మాట వినిపించకుండా ఎలా ఉంటుంది? ఎన్ని చీరలు పట్టుకెళ్ళాలి, గది ఎటువైపు తీసుకోవాలి, వాంతులవుతాయా, పప్పన్నం దొరుకుతుందా? అన్నీ సబబైన ప్రశ్నలే. టిక్కెట్లమ్మే ఏజెంటును అడిగితే ఒక అచ్చు కాగితం చేతిలో పెడతాడు. ఇది తీసుకురండి, అది తేవద్దు, ఇన్ని గంటలకు అక్కడ ఉండండి అని వరసగా ఉంటాయి. ఆ కాగితంలో చాలా మాటల వెనక ఎప్పుడో ఎవరో పడ్డ అవస్థ ఉంది. కొన్నింటి వెనక ప్రాణాలే ఉన్నాయి. అది మాత్రం కాగితంలో వెయ్యరు.

ముందుగా ఒక మాట. సముద్రం మీదికి వెళ్ళే తెలుగు ఆడవాళ్ళలో మనమేమీ మొదటివాళ్ళం కాము. పోతం జానకమ్మగారు 1873లోనే భర్తతో కలిసి ఇంగ్లండు వెళ్ళివచ్చారు. తెలుగులో రాసుకున్న తన యాత్రా విశేషాలను ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో పుస్తకంగా వేయించారు. సముద్రం దాటితే కులం చెడుతుందని మగవాళ్ళనే వెలివేస్తున్న రోజులవి. ఆవిడ పెట్టెలో ఏముందో గాని, గుండెలో ధైర్యం మాత్రం బోలెడంత ఉండి ఉండాలి.

అయితే జానకమ్మగారిది విహారం కాదు, ప్రయాణం. ఓడలో ఉండడమే విహారం అనే ఆలోచనను వ్యాపారంగా నిలబెట్టినవాడు ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మను ఆయన. హాంబర్గ్-అమెరికా కంపెనీలో పెద్ద ఉద్యోగి. చలికాలంలో అట్లాంటిక్ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ మూడు నాలుగు నెలలూ ఓడలకు జనం ఉండరు. జనం లేరని నావికుల జీతాలు ఆగవు, రేవు అద్దె ఆగదు. కట్టేసిన గేదెకు మేత తప్పనట్టే. అంచేత 1891 జనవరిలో ‘ఆగస్టా విక్టోరియా’ అనే ఓడను, 241 మంది ప్రయాణికులతో, ఎండ కాసే మధ్యధరా సముద్రం మీదికి తోలాడు. రమారమి రెండు నెలలు తిప్పి తీసుకొచ్చాడు. కంపెనీ లెక్కల పుస్తకంలోంచి పుట్టిన సరదా అన్నమాట ఇది! ఇవాళ్టికీ అంతే. ఓడ ఖాళీగా పోయే రోజుల్లో టిక్కెట్టు చవక, పిల్లలకు సెలవులిచ్చిన వారం ప్రియం. ఒక వారం అటో ఇటో జరుపుకోగలిగినవాళ్ళకు కలిసొచ్చేది అక్కడే.

ఈ ‘ఆగస్టా విక్టోరియా’కు అంతకు ఏడాది పైచిలుకు ముందే ఒక పేరొచ్చింది. 1889 నవంబరు 14న న్యూయార్కు అవతలి రేవులో ఆ ఓడ ఎక్కిన ప్రయాణికుల్లో నెల్లీ బ్లై అనే పాత్రికేయురాలు ఉంది. ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వచ్చినట్టు జూల్స్ వెర్న్ కథ అల్లితే, అంతకన్నా తక్కువ రోజుల్లో నేను నిజంగానే చుట్టి వస్తానని బయల్దేరింది. 72 రోజుల్లో వచ్చేసింది కూడా. ఆవిడ వెళ్ళిన వేగం సంగతి అలా ఉంచి సామాను చూడండి. పదహారు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల ఎత్తు ఉన్న చేతిసంచీ ఒకటే! అందులో లోపలి బట్టలు, చేతిరుమాళ్ళు, రెండు టోపీలు, మూడు మేలిముసుగులు, చెప్పులు, సూదీ దారం, సిరాబుడ్డి, కలాలు, కాగితాలు. ఒంటిమీద ఒకటే గౌను. మూడు నెలలు రోజూ కట్టినా చెక్కుచెదరకూడదని దర్జీకి చెప్పి ఒక్కరోజులో కుట్టించుకుంది. ఇంత పొదుపుగా సర్దినా ఒకటి మాత్రం వదల్లేకపోయింది: మొహానికి రాసుకునే కోల్డ్‌క్రీము సీసా. అదే సంచీలో అన్నింటికన్నా ఎక్కువ చోటు తిని, దారి పొడుగునా ఆవిడ ప్రాణం తీసిందిట. ఆ సంగతి తనే రాసుకుంది. మన సంచుల్లో ఆ సీసా ఏదో మనకే తెలుసు.

దీనికి సరిగ్గా ఎదురు పక్కన జయపురం మహారాజు రెండవ మాధోసింగ్ నిలబడతారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి లండను వెళ్ళాలి. ఆయన పరమ నిష్ఠాపరుడు, గంగాజలం తప్ప ముట్టరు. అంచేత ఏకంగా ‘ఒలింపియా’ అనే కొత్త ఓడనే అద్దెకు తీసుకుని, బ్రహ్మాండమైన వెండి గంగాళాల్లో గంగనే వెంటపెట్టుకెళ్ళారు. ఒక్కొక్క గంగాళం 345 కిలోల వెండి. ఒక్కొక్కదాంట్లో పట్టే నీళ్ళు నాలుగు వేల లీటర్ల పైమాటే. వాటిలో రెండింటిని ఇప్పటికీ జయపురం సిటీ ప్యాలెస్‌లో చూడొచ్చు.

మనం సహజంగానే ఈ ఇద్దరికీ మధ్యన ఉంటాం, కాస్త మహారాజు వైపుకు మొగ్గి. కాని ఓడ గది హోటలు గది కాదు. రెండు మంచాలు వేశాక మిగిలేది మన ఇళ్ళలో పూజగదంత చోటు. మంచం కింద దూరే పెట్టె అయితే సుఖం. పాతకాలపు ఇంగ్లీషు కంపెనీలు దీనికొక ఉపాయం చేసేవి. గదిలో కావలసిన పెట్టెలకు ఒక చీటీ, ఓడ అడుగున గోదాములో పడెయ్యాల్సిన వాటికి ‘ప్రయాణంలో అక్కరలేదు’ అనే అర్థం వచ్చే ఇంకో చీటీ అంటించేవాళ్ళు. ఆ రెండో చీటీ అంటించదగినవి ఇంట్లో పెట్టెలొక్కటే కాదని మీలో కొందరికి తోచవచ్చు. నేనేమీ అనలేదు!

పెట్టెల విషయంలో అందరికన్నా విలువైన పాఠం నేర్పినవారు గాంధీగారు. 1888 సెప్టెంబరు 4న, పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా బొంబాయిలో ఓడెక్కారు. ఓడలో ఉన్నన్నాళ్ళూ నల్ల సూటు వేసుకుని, స్నేహితులు కుట్టించిన తెల్ల ఫ్లానెల్ సూటును దిగేటప్పటికని జాగ్రత్తగా దాచుకున్నారు. సెప్టెంబరు నెలాఖరున ఇంగ్లండులో అది వేసుకుని దిగి చూస్తే, అలాంటి బట్టల్లో ఉన్నది తానొక్కరే! సరే, హోటలుకు వెళ్ళి మార్చుకుందామా అంటే, సామాను తాళంచెవులతో సహా ఏజెంటు మనిషికి అప్పగించేశారు. మర్నాడు ఆదివారం, సామాను రాదు. సిగ్గుతో చచ్చినంత పనయింది పాపం. ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

ఇప్పటి ఓడల్లోనూ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు రేవులోనే పుచ్చుకుంటారు. అవి మీ గది చేరేసరికి ఒక్కోసారి రాత్రి అవుతుంది. దిగే ముందు రాత్రి మళ్ళీ పెట్టెలు గది బయట పెట్టమంటారు. అంచేత బి.పి., షుగరు మాత్రలు, పాస్‌పోర్టు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచీలోనే ఉండాలి. దిగే పూట కట్టుకునే చీర పెట్టెలో పెట్టి బయటికి పంపేశామని తెల్లవారుజామున గుర్తొస్తే, గాంధీగారి ఆదివారం మనకూ వచ్చినట్టే.

గాంధీగారి ఓడ కబుర్లలో తిండి సంగతి ఇంకా ఉంది. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చారు. కత్తీ ఫోర్కూ పట్టడం రాదు. ఏ వంటకంలో ఏముందో వడ్డించేవాణ్ణి అడగడానికి నోరు రాదు. అందుకని బల్ల దగ్గరికి వెళ్ళకుండా గదిలోనే కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళతోనే చాలావరకు కాలక్షేపం చేశారు. ఇవాళ అలా పస్తులుండక్కర్లేదు, కాని ఆ నోరు మాత్రం ఉండాలి. శాకాహారమా, ఉల్లి వెల్లుల్లి కూడా వద్దా, గుడ్డు తింటారా అన్నది టిక్కెట్టు కొనేటప్పుడే కాగితం మీద రాయించాలి. ఓడెక్కిన రోజే భోజనశాల పెద్దతో మరోసారి చెప్పాలి. నడిసముద్రంలో కూరగాయల కొట్టుండదు కదా.

“ఎందుకొచ్చిన గొడవ, చిన్న కరెంటు కుక్కరు పెట్టెలో పడేసుకుంటే పోలా?” అని మనవాళ్ళకు తప్పక తోస్తుంది. కుక్కరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిలు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కర్పూరం, వీటన్నిటినీ ఓడ కంపెనీలు సాధారణంగా రానివ్వవు. వాళ్ళకు మన భక్తి మీద కోపమేమీ లేదు. సముద్రం మధ్యన చుట్టూ నీళ్ళే ఉన్నా ఓడకు నీళ్ళకన్నా నిప్పంటేనే భయం. 1934 సెప్టెంబరులో ‘మారో కాసిల్’ అనే విహార నౌక హవానా నుంచి న్యూయార్కు తిరిగొస్తూ, ఇంకాసేపట్లో ఇల్లు చేరతామనగా తెల్లవారుజామున అంటుకుంది. అందమైన చెక్క పలకలతో అలంకరించిన ఓడ అది. ఆ అందమే మంటకు మేత అయింది. 137 మంది పోయారు. ఓడల లోపలి సామగ్రి తేలిగ్గా అంటుకోనిదై ఉండాలన్న పట్టుదల ఆ తర్వాతే గట్టిపడింది. ఇస్త్రీ లేకపోతే ఏం, ముడతపడని సిల్కో సింథటిక్కో నాలుగు పెట్టుకుంటే సరి.

ఇహ గది. ఇంగ్లీషులో దర్జా అయినదాన్ని ‘పోష్’ అంటారు కదా, దానికొక కథ ప్రచారంలో ఉంది. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చేటప్పుడు ఎర్రసముద్రంలో ఎండ కుడివైపు గదుల్ని మాడ్చేస్తుంది కనక, డబ్బున్న దొరలు వచ్చేటప్పుడు ఎడమవైపు, పోయేటప్పుడు కుడివైపు గదులు తీసుకునేవారనీ, ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితేనే ఆ పదం పుట్టిందనీ. కథ ముచ్చటగా ఉంది గాని, ఆ అక్షరాలు అచ్చువేసిన టిక్కెట్టు ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. నిఘంటువులవాళ్ళు ఒప్పుకోరు. ఎండ మాట మాత్రం నిజమే. ఇప్పుడు ఏ.సి. వచ్చి ఎండ బాధ తీరింది. ఎంచుకోవాల్సింది కుడా ఎడమా కాదు, ముందా మధ్యా అన్నది. పిల్లలు ఆడే ఏతాంబల్ల చూడండి. చివర కూర్చున్నవాళ్ళు లేస్తారు, పడతారు. మధ్యన ఉన్నదానికి కదలికే ఉండదు. ఓడా అంతే. మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గదికి ఊపు తక్కువ. పై అంతస్తులో బాల్కనీ గది ఖరీదూ ఎక్కువే, ఊపూ ఎక్కువే.

ఊపంటే వాంతుల సంగతి ఎలాగూ వచ్చింది. సముద్రపు వికారానికి గొప్పవాళ్ళూ మామూలువాళ్ళూ అన్న తేడా లేదు. నౌకాయుద్ధాల్లో మొనగాడు నెల్సన్‌కు జన్మంతా అది వదల్లేదు. ‘బీగిల్’ ఓడలో అయిదేళ్ళు తిరిగిన డార్విన్‌కు కడుపులో నిలిచింది కిస్‌మిస్ పళ్ళేనట. మన నెల్లీ బ్లై కూడా మొదటి రాత్రి కెప్టెను బల్ల దగ్గర భోజనానికి కూర్చుని, మూడుసార్లు లేచి పరుగెత్తి, మూడుసార్లూ తిరిగొచ్చి కూర్చుంది. తర్వాత మర్నాడు సాయంత్రందాకా నిద్రపోయి, లేచాక మళ్ళీ బాధ పడలేదు.

దీనికి మందు దొరికిన వైనం తమాషాగా ఉంటుంది. 1947లో అమెరికాలో బాల్టిమోరు ఊళ్ళో ఒక గర్భిణి దద్దుర్లకని ఆస్పత్రికి వెళితే ఒక కొత్త మాత్ర ఇచ్చారు. దద్దుర్ల మాట అటుంచి, ట్రాము ఎక్కితే ఎప్పుడూ వికారంతో బాధపడే తనకు, ఈ మాత్ర వేసుకున్న రోజున ఏమీ కాలేదని ఆవిడ వైద్యులతో చెప్పింది. ‘ఆ, ఆడవాళ్ళ కబుర్లు’ అని కొట్టిపారెయ్యకుండా విన్నారు, అదే వాళ్ళ గొప్ప. 1948 చివర్లో సైనికులతో జర్మనీ వెళ్తున్న ‘జనరల్ బాలూ’ అనే ఓడలో పరీక్షించి చూస్తే పని చేసింది. అదే డ్రమమైన్. ఇలాంటి మాత్రలు మన మందుల షాపుల్లోనూ దొరుకుతాయి. వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. నిద్ర ముంచుకొస్తుంది. గర్భిణులు, పెద్దవాళ్ళు, వేరే మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. ఉత్తకడుపుతో ఉండడం, గదిలో తలవంచుకుని నవల చదవడం రెండూ చెరుపే. డెక్కు మీదికి వచ్చి నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ కూర్చుంటే నయం.

ఏ నెలలో వెళ్ళాలన్నది మన బంగాళాఖాతం విషయంలో చిన్న ప్రశ్న కాదు. 1839 నవంబరులో వచ్చిన తుపానుతో కాకినాడ దగ్గరి కోరంగి రేవు మళ్ళీ తేరుకోకుండా పోయింది. రేవు పోయినా పేరు పోలేదు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. అక్కడికి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ బర్మాలో కొరంగీలనే పిలిచేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కిన వాళ్ళలో నూటికి తొంభై మందికి గది అన్న మాటే తెలియదు. డెక్కు టిక్కెట్టు అంటే చాప పరుచుకున్నంత మేర మీది. పైన ఎండా వానా, పక్కన మూటా ముల్లే. వాళ్ళకు నెల ఎంచుకునే వీలు ఎక్కడిది? కోతలకు మనుషులు కావాలంటే వెళ్ళాలి, అప్పు తీరాలంటే వెళ్ళాలి. 1902 మే నెలలో మద్రాసు నుంచి రంగూన్ వెళ్తున్న ‘కామోర్టా’ అనే స్టీమరు తుపానులో చిక్కి, ఐరావతీ నది ముఖాన మునిగిపోయింది. ఏడు వందల మందికి పైగా ఉన్నారందులో. ఒక్కరు కూడా మిగల్లేదు. ‘టైటానిక్’ పేరు తెలియని చంటిపిల్లవాడుండడు గాని, ఈ పేరు మన తీరంలోనే ఎవరికీ తెలియదు.

మనకు నెల ఎంచుకునే వీలుంది. బంగాళాఖాతంలో మే నెల, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఇప్పటి ఓడలు ఉపగ్రహాల కబురు చూసుకుని పక్కకు తప్పుకుంటాయి. అందువల్లే చివరి నిమిషంలో ఒక రేవు ఎగరగొట్టి వేరే రేవుకు తీసుకెళ్తారు. దానికి గొడవ పెట్టుకుని లాభం లేదు. టిక్కెట్టు షరతుల్లోనే ఆ హక్కు వాళ్ళకు రాసి ఉంటుంది. దిగిన రోజునే పెళ్ళికో, విమానానికో వెళ్ళాలన్న ఏర్పాటు పెట్టుకోకుండా మధ్యలో ఒక రోజు వదిలిపెట్టుకోవాలి.

మధ్య రేవుల్లో ఊరు చూడడానికి దిగితే, చెప్పిన వేళకు అరగంట ముందే వచ్చెయ్యండి. ఎర్రబస్సులా చెయ్యెత్తితే ఆగేది కాదు ఓడ. చేతిగడియారం ఓడ టైముకే పెట్టుకోవాలి. కొన్ని దేశాల వీసా ఒక్కసారి అడుగు పెట్టడానికే పనికొస్తుంది. ఆ దేశంలో ఓడెక్కి మళ్ళీ అక్కడే దిగాలంటే రెండోసారి అడుగు పెట్టినట్టు లెక్క. ఇది ముందే చూసుకోవాలి. ఓడ డాక్టరు ఫీజు గూబ గుయ్యిమనిపిస్తుంది కనక సముద్ర ప్రయాణానికీ వర్తించే బీమా ఉండాలి. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడను నిలిపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు, ఏడు వందల పైచిలుకు మందికి కోవిడ్ సోకింది. వంద మందికి పైగా మన దేశస్థులు, ఎక్కువమంది ఓడలో పనిచేసేవాళ్ళే. భోజనశాల గుమ్మంలో చేతులు కడుక్కోమని ఆ కుర్రాళ్ళు పదేపదే చెబుతారు. విసుక్కోకండి.

అచ్చు కాగితంలో అన్నింటికన్నా అడుగున ఉండేది, అందరూ ఎగ్గొట్టాలని చూసేది ఒకటుంది. ఎక్కిన రోజున లైఫ్‌జాకెట్టు ఎలా తొడుక్కోవాలో, ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో చూపించే కసరత్తు. 1912 ఏప్రిల్‌లో ‘టైటానిక్’లో రమారమి 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే. అంతకన్నా ఘోరం, మొదటి పడవ సగం కూడా నిండకుండా దిగిపోయింది. ఎక్కడికి వెళ్ళాలో జనానికి తెలియదు, వెళ్ళాలని నమ్మకమూ లేదు. పదిహేను వందల మంది పోయాక, 1914 జనవరిలో దేశాలు లండనులో కూర్చుని, ఓడలో ఉన్న ప్రతి ప్రాణికీ పడవలో చోటుండాలని ఒప్పందం రాసుకున్నాయి.

చోటు వచ్చింది గాని, కసరత్తుకు ఇరవైనాలుగు గంటల గడువు మిగిలిపోయింది. 2012 జనవరి 13 సాయంత్రం ఇటలీలో ‘కోస్టా కాంకోర్డియా’ అనే విహార నౌక చివితవెక్య రేవు నుంచి బయల్దేరింది. ఆ పూటే ఎక్కినవాళ్ళు సుమారు ఏడు వందల మంది. వాళ్ళ కసరత్తు మర్నాటికి పెట్టారు. ఓడ కదిలి మూడు గంటలు కాకుండానే జిల్యో ద్వీపం దగ్గర బండకు తగిలింది. భోజనాల వేళ. పళ్ళేలు జారిపోతున్నాయి, దీపాలు ఆరిపోయాయి. లైఫ్‌జాకెట్టు ఎక్కడుందో కొత్తవాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. 32 మంది చనిపోయారు. అందులో ముంబయి నుంచి వెళ్ళిన ఒక వెయిటరు ఉన్నాడు. తన లైఫ్‌జాకెట్టు ఇంకొకరికి ఇచ్చేశాడని తోటివాళ్ళు చెప్పారు. 2014 నవంబరులో, ఆ ఓడను జెనోవా రేవులో విడగొడుతున్నప్పుడు గాని అతని అవశేషాలు దొరకలేదు.

2015 జనవరి నుంచి నియమం మారింది. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో కసరత్తు జరిగి తీరాలి. కొన్ని ఓడల్లో మొదట గది టీవీలోనో ఫోనులోనో చూపించి, తర్వాత మీరు చేరాల్సిన చోటికి ఒకసారి వచ్చి కనిపించమంటారు. ఆ చోటు గుర్తు మీ గది తలుపు వెనక అంటించి ఉంటుంది. పెట్టె విప్పకముందే అది చదివి, పిల్లల చెయ్యి పట్టుకుని, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా ఒకసారి అక్కడిదాకా నడిచి రండి. దారిలో ఎన్ని తలుపులున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. చీకట్లో పనికొచ్చేది ఆ లెక్కే.